ముందు తలలు లెక్కపెట్టండి: కాలేజ్ ఫుట్‌బాల్ గేమ్‌లో ఎప్పుడు పరిగెత్తాలి, ఎప్పుడు విసరాలి

అమెరికన్ కాలేజ్ ఫుట్‌బాల్ వీడియో గేమ్‌లో మొదటి పది రోజులూ నేను ఒకటే ప్లే (ముందే గీసిపెట్టిన ఎత్తుగడ) ఆడాను. పాస్ అందుకునే నలుగురు రిసీవర్లనీ నిటారుగా ముందుకు పరిగెత్తించడం, ఎవరో ఒకరికి బంతి విసరడం. మనవాడు పట్టుకుంటే టచ్‌డౌన్, ఎదుటివాడు పట్టుకుంటే ఇంటర్‌సెప్షన్. మ్యాచ్‌కి నాలుగైదు ఇంటర్‌సెప్షన్లు. క్రికెట్ చూసి పెరిగినవాళ్లకి ఈ జబ్బు సహజమే, ప్రతి బంతికీ సిక్సర్ కొట్టాలనిపిస్తుంది. అది తగ్గాక రెండో జబ్బు పట్టుకుంది. భయంతో ప్రతిసారీ రన్నే, అంటే విసరకుండా బంతి పట్టుకుని పరిగెత్తడమే. మూడు రన్‌లు, ఒక పంట్ (బంతిని దూరంగా తన్ని ఎదుటివాళ్లకి అప్పగించడం), మళ్లీ డిఫెన్స్.

ఈఏ స్పోర్ట్స్ కాలేజ్ ఫుట్‌బాల్ 25 వచ్చింది 2024 జులై 19న. 2013లో వచ్చిన ఎన్‌సీఏఏ ఫుట్‌బాల్ 14 తర్వాత ఈ సిరీస్‌కి అదే మొదటి గేమ్. మరుసటి జులైలో 26 వచ్చింది. చదువుకి అమెరికా వచ్చి, శనివారం ఊరంతా ఒకే రంగు టీ షర్టులో కనిపిస్తే ఇదేమిటా అనుకుని, అర్థం చేసుకోవడానికి ఈ గేమ్ కొన్న తెలుగువాళ్లు నాకు తెలిసి చాలామందే ఉన్నారు. నేనూ ఆ బాపతే. ఈ వ్యాసం వాళ్ల కోసం. 25 అయినా 26 అయినా ఇందులో చెప్పేది పనికొస్తుంది, ఎందుకంటే ఇది బటన్ల కథ కాదు, లెక్కల కథ.

అడుగు 1: ఈ నిర్ణయానికి కావలసిన రూల్స్ మాత్రమే

నాలుగు ప్రయత్నాల్లో 10 గజాలు ముందుకెళ్లాలి. వెళ్తే మళ్లీ నాలుగు ప్రయత్నాలు. ఒక్కో ప్రయత్నాన్ని డౌన్ అంటారు, 10 గజాలు దాటి కొత్త నాలుగు దక్కితే ఫస్ట్ డౌన్ వచ్చినట్టు. గజం అంటే 3 అడుగుల పొడవు, మన ప్లాట్ల లెక్కలోని చదరపు గజం కాదు. మైదానం 100 గజాలు, రెండు చివర్లా 10 గజాల చొప్పున ఎండ్ జోన్లు. టచ్‌డౌన్‌కి, అంటే బంతిని ఎదుటివాళ్ల ఎండ్ జోన్‌లోకి చేరిస్తే, 6 పాయింట్లు, ఆ తర్వాతి కిక్‌కి 1, బంతిని గోల్ స్తంభాల మధ్యకి తన్నే ఫీల్డ్ గోల్‌కి 3. ఇంతవరకు చాలామందికి తెలిసిందే.

తెలియనివి రెండున్నాయి, రన్నా పాసా అన్న ప్రశ్నని అవే మారుస్తాయి.

ఒకటి గడియారం. రన్నర్ మైదానం లోపల పడితే గడియారం నడుస్తూనే ఉంటుంది. పాస్ నేలపాలైతే ఆగిపోతుంది. కాలేజ్ ఆటలో ఒకప్పుడు ఫస్ట్ డౌన్ వచ్చిన ప్రతిసారీ గడియారం కాసేపు ఆగేది. 2023 నుంచి ఒక్కో హాఫ్‌లో చివరి రెండు నిమిషాల్లో మాత్రమే ఆగుతోంది. అంటే ముందంజలో ఉన్న టీముకి రన్ ఇప్పుడు ఇంకాస్త విలువైనది.

రెండోది హ్యాష్ మార్కులు. మైదానం మధ్యలో నిలువుగా కనిపించే రెండు వరసల చిన్న గీతలవి. ప్లే పక్కకి వెళ్లి ముగిస్తే తర్వాతి బంతిని ఆ వైపు హ్యాష్ మీద పెడతారు. ప్రొఫెషనల్ ఆటలో ఈ రెండు వరసల మధ్య దూరం 18 అడుగుల 6 అంగుళాలు, కాలేజ్‌లో ఏకంగా 40 అడుగులు. అందుకే కాలేజ్ ఆటలో బంతికి ఒక పక్క ఇరుకు గల్లీ, ఇంకో పక్క ఖాళీ మైదానం ఉన్నట్టుంటుంది. వెడల్పు పక్కని ఫీల్డ్ అనీ, ఇరుకు పక్కని బౌండరీ అనీ పిలుస్తారు. ప్లే ఎంచుకునే ముందు బంతి ఏ హ్యాష్ మీద ఉందో చూడనివాడు సగం మైదానం వదిలేసి ఆడుతున్నట్టే.

అడుగు 2: మీ దగ్గర ఎవరున్నారో చూసుకోండి

చాలామంది తమ యూనివర్సిటీ టీముని ఎంచుకుని, నచ్చిన ప్లేబుక్ తగిలిస్తారు. ప్రేమ మంచిదే గానీ ముందు డెప్త్ చార్ట్, అంటే ఏ స్థానంలో ఎవరు ఆడతారో చూపే జాబితా, తెరవండి. చూడాల్సినవి మూడే: ముందు వరసలో నిలబడే ఐదుగురు లైన్‌మెన్ రన్ కోసం ఎదుటివాళ్లని అడ్డుకోవడంలో (రన్ బ్లాకింగ్) మెరుగా, పాస్ కోసం అడ్డుకోవడంలో (పాస్ బ్లాకింగ్) మెరుగా, ఆట నడిపిస్తూ బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్ వేగం ఎంత, రిసీవర్లలో కనీసం ఒక్కడైనా తనని కాచే డిఫెండర్‌ని (కార్నర్) దాటి పోగలడా.

క్వార్టర్‌బ్యాక్ వేగం గురించి ఎందుకంత పట్టింపు అంటే, అతను పరిగెత్తగలిగితే డిఫెన్స్ ఇంకో మనిషిని లెక్కలోకి తీసుకోవాలి. పరిగెత్తలేకపోతే హ్యాండాఫ్ ఇచ్చాక, అంటే బంతిని రన్నర్ చేతికి అందించాక, అతను ప్రేక్షకుడే.

ఆర్మీ, నేవీ, ఎయిర్ ఫోర్స్ మూడూ సైనిక అకాడమీలు. చాలా ఏళ్లుగా వాళ్ల ఆటంతా ఆప్షన్ రన్ (ఎవరు పరిగెత్తాలో ప్లే మొదలయ్యాక తేల్చుకునే పద్ధతి) చుట్టూనే తిరిగింది. రెండో కొసన, పాస్‌ల మీదే నడిచే ఎయిర్ రెయిడ్ ఉంది. హాల్ మమ్మీ, మైక్ లీచ్ అనే కోచ్‌లు అయోవా వెస్లియన్ అనే చిన్న కాలేజీలో మొదలుపెట్టిన పద్ధతి అది. లీచ్ తర్వాత టెక్సస్ టెక్‌లో పదేళ్లు దాన్నే నడిపించాడు. గేమ్‌లో ఈ రెండు రకాల ప్లేబుక్‌లూ ఉన్నాయి. కొత్తవాళ్లు రెండు కొసలూ వదిలి స్ప్రెడ్ ప్లేబుక్‌తో మొదలుపెట్టడం మంచిదని నా అభిప్రాయం. అందులో రిసీవర్లు మైదానమంతా పరుచుకుని నిలబడతారు కాబట్టి డిఫెన్స్ కూడా పరుచుకోక తప్పదు. అప్పుడు లెక్కపెట్టడం తేలిక.

అడుగు 3: తలలు లెక్కపెట్టడం

అసలు విషయం ఇదే. మిగతావన్నీ చదవకపోయినా ఇది చదవండి.

డిఫెన్స్‌కి ఎప్పుడూ 11 మందే. ఒకచోట ఒకడు ఎక్కువ నిలబడ్డాడంటే ఇంకోచోట ఒకడు తక్కువే. వన్డేల్లో ఫీల్డర్లని సర్కిల్ లోపలికి లాగితే పైనుంచి కొడతాం, అందరూ బౌండరీ దగ్గరుంటే సింగిల్స్ తీసుకుంటాం కదా, ఇదీ అంతే. ఇక్కడి సర్కిల్ పేరు బాక్స్. మీ లైన్‌మెన్ ఎంత వెడల్పులో నిలబడ్డారో అంత వెడల్పు, బంతి నుంచి సుమారు ఐదారు గజాల లోతు. ఆ పెట్టెలో ఎదుటివాళ్లు ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టాలి.

ఆ తర్వాత మీ వైపు బ్లాకర్లని లెక్కపెట్టండి. లైన్‌మెన్ ఎప్పుడూ ఐదుగురే. పక్కన టైట్ ఎండ్ (బ్లాక్ కూడా చేసే రిసీవర్) ఆనుకుని ఉంటే ఆరు. రన్నింగ్ బ్యాక్ బంతి పట్టుకుని పరిగెత్తేవాడు కాబట్టి అతన్ని కలపకూడదు.

నలుగురు రిసీవర్లు బయట ఉన్నారు, మీకు బ్లాకర్లు ఐదుగురు, బాక్స్‌లో వాళ్లు ఐదుగురు. రన్. మరో ఆలోచన వద్దు. ఒక్కొక్కరికీ ఒక్కొక్క బ్లాకర్ దొరికాడు, మీవాడు మొదటి మనిషిని కలిసేసరికి ఆరేడు గజాలు వచ్చేసి ఉంటాయి.

బాక్స్‌లో ఆరుగురుంటే ఒకడు మిగిలిపోతాడు. మామూలు హ్యాండాఫ్ ఇస్తే రెండు మూడు గజాలకే పట్టేసేది వాడే. ఇక్కడ రెండు దారులున్నాయి. ఆ మిగిలినవాడిని క్వార్టర్‌బ్యాక్ చూపుతో కట్టేసే రీడ్ ఆప్షన్ ఒకటి, దాని సంగతి తర్వాతి అడుగులో చెప్తాను. లేదా ఆ మనిషి ఎక్కడినుంచి వచ్చాడో అక్కడికి చిన్న పాస్.

ఏడుగురు లోపలికి వచ్చేస్తే బయట నలుగురు రిసీవర్లకి మిగిలింది నలుగురే. వెనక కాపలా లేనట్టే. విసరండి.

టైట్ ఎండ్ ఆనుకుని ఉంటే ఈ అంకెలకి ఒకటి చొప్పున కలుపుకోండి: ఆరుగురుంటే రన్, ఏడుగురుంటే సందేహం, ఎనిమిదిమందైతే పాస్.

లెక్క పెట్టేటప్పుడు కళ్లు ముందు సేఫ్టీల మీదికి పోవాలి. వెనక లోతుగా నిలబడేవాళ్లే సేఫ్టీలు. ఇద్దరూ వెనకే ఉంటే బాక్స్ పలచగా ఉంటుందని దాదాపు చూడకుండానే చెప్పొచ్చు. ఒక్కడే మధ్యలో ఉంటే రెండోవాడు కిందికి దిగి బాక్స్‌లోనో దాని అంచునో ఉంటాడు. ఆ రెండోవాడిని వెతికి పట్టుకోవడమే మొత్తం పని. స్నాప్‌కి, అంటే బంతి క్వార్టర్‌బ్యాక్ చేతికొచ్చి ప్లే మొదలవడానికి, ముందు అటూ ఇటూ కదిలి మోసం చేసేది కూడా వాడే. అందుకే హడావుడిగా బంతి లాగొద్దు. ఒక ప్లే అయ్యాక తర్వాతిది మొదలుపెట్టడానికి ఇచ్చే ప్లే క్లాక్ 40 సెకన్లు. అందులో సగం ప్లే ఎంచుకోవడానికి పోయినా లెక్కకి బోలెడు టైమ్ ఉంటుంది.

లెక్క తేడాగా వస్తే ఆడిబుల్ వాడి ప్లే మార్చండి. హడల్‌లో, అంటే ప్లేకి ముందు గుంపుగా చేరినప్పుడు, రన్ అనుకుని వచ్చాం కదా అని ఎనిమిదిమంది మీదికి రన్ కొట్టడం మొండితనం తప్ప ఇంకేమీ కాదు. నేనైతే ప్రతి ఫార్మేషన్‌కీ (ఆటగాళ్లు నిలబడే తీరుకి) రెండే ఆడిబుళ్లు పెట్టుకుంటాను, ఒక రన్, ఒక త్వరగా విసిరే పాస్. నాలుగైదు పెట్టుకుంటే ఏ బటన్‌కి ఏది ఉందో గుర్తుచేసుకునేసరికి టైమ్ అయిపోతుంది.

బాక్స్ బయట కూడా ఇదే లెక్క పనిచేస్తుంది. ఒకే వైపు మీ రిసీవర్లు ముగ్గురు, వాళ్ల ఎదురుగా డిఫెండర్లు ఇద్దరే అనుకోండి. ముగ్గురిలో ఒకడికి వెంటనే బబుల్ స్క్రీన్ అనే పొట్టి పాస్ విసిరితే మిగతా ఇద్దరూ ఆ ఇద్దరిని అడ్డుకుంటారు. పేరుకి పాస్, గుణానికి రన్. ఫీల్డ్ వైపు, అంటే ఖాళీ పక్క, ఇది ఇంకా బాగా పండుతుంది.

అడుగు 4: రన్ పరిగెత్తడం

రన్‌లో కొత్తవాళ్లు చేసే తప్పు ఒక్కటే: బంతి చేతికి రాగానే స్ప్రింట్ బటన్ ఆర్2 నొక్కేస్తారు. ఎక్స్‌బాక్స్‌లో అయితే ఆర్‌టీ. దాంతో రన్నర్ తన బ్లాకర్ వీపుకే గుద్దుకుంటాడు. లైన్‌మెన్ ఎదుటివాడిని ఒక పక్కకి తిప్పడానికి అరసెకనో సెకనో పడుతుంది. అంతవరకు స్ప్రింట్ ముట్టుకోకుండా నడిపించి, సందు కనిపించాక నొక్కాలి. ఈ ఒక్క అలవాటు మార్చుకుంటే చాలు, తేడా ఆ రోజే కనిపిస్తుంది.

మొదట రెండు రన్‌లు నేర్చుకోండి. ఇన్‌సైడ్ జోన్ నేరుగా మధ్యలోకి. బాక్స్ పలచగా ఉన్నప్పుడు రోజూ తినే అన్నంలాంటిది. కౌంటర్‌లో లైన్‌మెన్‌లో ఒకరిద్దరు ఇటు నుంచి అటు పరిగెత్తి వచ్చి దారి చేస్తారు. అది నెమ్మదిగా తెరుచుకుంటుంది కాబట్టి, డిఫెన్స్ రెండో వరసలోంచి వేగంగా దూకే లైన్‌బ్యాకర్లున్న టీముల మీద బాగుంటుంది. ఔట్‌సైడ్ రన్‌లని ఫీల్డ్ వైపే కొట్టండి. ఇరుకు వైపు కొడితే సైడ్‌లైన్ పన్నెండో డిఫెండర్‌లా అడ్డు నిలుస్తుంది.

ఇక రీడ్ ఆప్షన్. దీన్ని కాస్త నిదానంగా చూద్దాం. బంతి స్నాప్ అయింది. క్వార్టర్‌బ్యాక్ బంతిని రన్నింగ్ బ్యాక్ పొట్ట దగ్గర పెట్టి, ఇంకా వదల్లేదు. కావాలనే బ్లాక్ చెయ్యకుండా వదిలేసిన డిఫెన్సివ్ ఎండ్ (డిఫెన్స్ ముందు వరసలో చివరివాడు) వైపు చూస్తున్నాడు. ఆ ఎండ్ భుజాలు లోపలికి, రన్నింగ్ బ్యాక్ వైపు తిరిగాయా? బంతి లాక్కుని, అతను ఖాళీ చేసిన బయటి దారిన క్వార్టర్‌బ్యాకే పరిగెత్తాలి. ఎండ్ కదలకుండా క్వార్టర్‌బ్యాక్‌నే చూస్తున్నాడా? బంతి ఇచ్చెయ్యాలి. ఎండ్ ఏది చేసినా తప్పే అవుతుంది. మిగిలిపోయిన ఆ ఒక్కడిని ముట్టుకోకుండానే లెక్కలోంచి తీసేశామన్నమాట. గేమ్‌లో స్నాప్ బటన్ నొక్కి పట్టుకుంటే హ్యాండాఫ్, వదిలేస్తే క్వార్టర్‌బ్యాక్ దగ్గరే బంతి. ప్రాక్టీస్‌లో ఇరవై ముప్పై సార్లు ఆడితేగానీ కన్ను కుదరదు. మొదట్లో నేను బంతినే చూసేవాణ్ని. చూడాల్సింది ఆ ఎండ్‌ని.

ట్రిపుల్ ఆప్షన్‌లో దీనికి ఇంకో మెట్టు కలుస్తుంది. మధ్యలోకి ఇవ్వాలా, తానే పరిగెత్తాలా అన్నవి కాక, పరిగెత్తుతూ పక్కనున్నవాడికి ఎల్1తో పిచ్ చెయ్యాలా (బంతి విసిరి అందించాలా) అన్నది మూడో ప్రశ్న. పిచ్ ఆలస్యమైతే బంతి నేలమీద దొర్లుతుంది, దాన్ని ఎవరు ముందు పట్టుకుంటే వాళ్లదే. అంతగా అలవాటయ్యేదాకా మీ సొంత ఎండ్ జోన్‌కి 20 గజాల లోపల దీని జోలికి పోవద్దు.

పరుగులో ఉన్న క్వార్టర్‌బ్యాక్‌ని దెబ్బ తగలకముందే స్లైడ్ చేయించడం (నేలమీదికి జారిపోయేలా చెయ్యడం) మర్చిపోకండి. తగిలే ప్రతి దెబ్బా ఒంట్లో మిగిలిపోయే వేర్ అండ్ టేర్ పద్ధతి ఈ గేమ్‌లో ఉంది. మొదటి హాఫ్‌లో హీరోలా గుద్దుకుంటూ పోయినవాడు నాలుగో క్వార్టర్‌లో చేతకానివాడిలా విసురుతాడు.

అడుగు 5: పాస్ విసరడం

పాస్ వేస్తే మూడు జరగొచ్చు (మనవాడు పట్టుకోవడం, నేలపాలవడం, ఎదుటివాడు పట్టుకోవడం), అందులో రెండు చెడ్డవే అని పాతకాలం కోచ్‌లు అనేవారట. గేమ్‌లో నాలుగోది కూడా ఉంది, శాక్, అంటే విసరకముందే క్వార్టర్‌బ్యాక్‌ని వెనకే పడేయడం. పాస్ చెడ్డదని కాదు. 2019లో లూసియానా స్టేట్ యూనివర్సిటీ (ఎల్ఎస్‌యూ) క్వార్టర్‌బ్యాక్ జో బర్రో ఒకే సీజన్‌లో 60 టచ్‌డౌన్ పాస్‌లు విసిరాడు, ఆ టీము 15 మ్యాచ్‌లకి 15 గెలిచింది. కాకపోతే అక్కడ ఎవరికి విసరాలో ముందే తెలిసి విసిరారు.

స్నాప్‌కి ముందు ఒక రిసీవర్‌ని మోషన్‌లో అటునుంచి ఇటు నడిపించండి. ఒక డిఫెండర్ వాడి వెంటే పరిగెత్తుకొచ్చాడంటే మ్యాన్ కవరేజ్, అంటే మనిషికి మనిషి. ఎవరూ వెంట రాకుండా కాస్త సర్దుకుని నిలబడితే జోన్, అంటే ఒక్కొక్కడు తన చోటుని కాచడం. ఇది నూటికి నూరు పాళ్లూ నిజం కాదు గానీ చాలాసార్లు నిజమే.

మ్యాన్‌కి మెష్ వాడండి. ఇద్దరు రిసీవర్లు ఎదురెదురుగా, ఒకరికొకరు రాసుకుంటూ అడ్డంగా దాటిపోతారు, వెంటపడే డిఫెండర్లు ఒకరికొకరు అడ్డం పడతారు. ఎయిర్ రెయిడ్‌కి ప్రాణం లాంటి ప్లే ఇది.

జోన్‌కి ఫ్లడ్. ఒకే వైపు ముగ్గురు మూడు దూరాల్లో, ఒకడు లోతుగా, ఒకడు మధ్యలో, ఒకడు దగ్గర్లో. మీరు చూడాల్సింది ముగ్గురు రిసీవర్లని కాదు, దగ్గర్లో కాపలా ఉన్న ఒక్క డిఫెండర్‌ని. వాడు కిందికొస్తే మధ్యవాడికి, వెనక్కి పోతే దగ్గరవాడికి. ఇది కూడా రీడ్ ఆప్షన్ బుర్రే, చేతితో ఇచ్చే బదులు విసురుతున్నాం, అంతే.

నా పాత ప్రేమ, ఆ నలుగురు నిటారు పరుగుల ప్లే, పనికిరానిది కాదు. వెనక సేఫ్టీ ఒక్కడే మధ్యలో ఉన్నప్పుడు వాడికి రెండు పక్కలా ఇద్దరు రిసీవర్లు పరిగెడతారు. వాడు ఎటు వంగితే రెండోవైపు విసరాలి. ఇద్దరు ముగ్గురు వెనక కాచుకుని ఉండగా అదే ప్లే ఆడటమే నేను చేసిన పిచ్చి.

బటన్ తట్టి వదిలితే బంతి ఎత్తుగా తేలుతూ పోతుంది, నొక్కి పట్టుకుంటే బుల్లెట్‌లా పోతుంది. అడ్డంగా పరిగెత్తేవాళ్లకి బుల్లెట్, డిఫెండర్ తల మీదుగా వెయ్యాలంటే ఎత్తుగా. ఎవరూ ఖాళీ లేకపోతే కుడి స్టిక్ లోపలికి నొక్కి బంతిని బయటికి పారెయ్యండి. అందులో నామోషీ ఏమీ లేదు. శాక్ వల్ల ఏడెనిమిది గజాలు పోగొట్టుకోవడం కంటే అదే నయం.

ఒత్తిడి రాగానే వెనక్కి వెనక్కి పరిగెత్తడం చాలామంది చేస్తారు. మీ లైన్‌మెన్ ఒక లోతు వరకే చుట్టూ గోడ కట్టగలరు. దాన్ని దాటి వెనక్కి పోతే పక్కలనుంచి వచ్చేవాళ్లకి మీరే దారిచ్చినట్టు. ముందుకి ఒక అడుగు వేసి విసరండి.

బ్లిట్జ్, అంటే మామూలుకంటే ఎక్కువమంది క్వార్టర్‌బ్యాక్ మీదికి దూకడం, వస్తుందనిపిస్తే అక్కడా లెక్కే. దూకడానికి సిద్ధంగా ఆరుగురు, బ్లాకర్లు ఐదుగురంటే ఆ ఆరోవాడి బాధ్యత మీదే. రన్నింగ్ బ్యాక్‌ని బ్లాక్ చెయ్యడానికి ఆపండి, లేదా బ్లిట్జర్ ఖాళీ చేసి వచ్చిన చోటికి వెంటనే విసరండి.

అడుగు 6: రెండూ ఒకే ప్లేలో

ఆర్‌పీవో అంటే రన్నూ పాసూ కలిపి ఇచ్చిన ప్లే. లైన్‌మెన్ రన్‌కి బ్లాక్ చేస్తూ ఉంటారు, క్వార్టర్‌బ్యాక్ ఒక లైన్‌బ్యాకర్‌ని చూసి ఇవ్వడమా విసరడమా తేల్చుకుంటాడు. కాలేజ్ రూల్స్ దీనికి అనుకూలం. పాస్ విసిరేలోపు లైన్‌మెన్ 3 గజాల దాకా ముందుకి పోవచ్చు, ప్రొఫెషనల్ ఆటలో ఒక్క గజమే. అందుకే శనివారం జరిగే కాలేజ్ ఆటల్లో ఇది ఇంత ఎక్కువ కనిపిస్తుంది. గేమ్‌లో కూడా ఆలస్యంగా విసిరితే పెనాల్టీ పడుతుంది, తేల్చుకోవడం ఒక్క క్షణంలో అయిపోవాలి.

ప్లే యాక్షన్ వేరు. అది రన్ అని నమ్మించి విసిరే పాస్. ఏడుగురు ఎనిమిదిమంది బాక్స్‌లోకి వచ్చి, రన్ ఆపాలని తహతహలాడుతున్నప్పుడు వాడండి. మూడో డౌన్‌కి 12 గజాలు కావాల్సి ఉండగా ప్లే యాక్షన్ వేస్తే ఎవరు నమ్ముతారు? వెనక్కి తిరిగి నటిస్తున్న క్వార్టర్‌బ్యాక్ వీపుకి శాక్ తగులుతుంది.

ఒకే ఫార్మేషన్‌లోంచి ఒక రన్, ఒక పాస్, ఒక ప్లే యాక్షన్ ఆడటం నా పద్ధతి. ఎదురుగా మనిషి ఆడుతుంటే ఇది మరీ ముఖ్యం. రన్‌కి ఒక ఫార్మేషన్, పాస్‌కి ఇంకో ఫార్మేషన్ పెట్టుకున్నవాడిని మా రూమ్‌మేట్ రెండో డ్రైవ్‌కే (బంతి దక్కిన రెండో విడతకే) చదివేస్తాడు.

అడుగు 7: డౌన్, దూరం

కావలసిన రన్ రేట్ ఎలాగో ఇదీ అలాగే. ఫస్ట్ డౌన్‌లో సగం దూరం, సెకండ్ డౌన్‌లో మిగిలినదాంట్లో 70 శాతం, మూడు నాలుగు డౌన్‌లలో మొత్తం దూరం వస్తే ఆ ప్లే సక్సెస్ అని లెక్కగట్టే పద్ధతి అమెరికాలో బాగా వాడుకలో ఉంది. నేను మ్యాచ్ అయ్యాక ఇదే చూసుకుంటాను. మొత్తం గజాలు చూస్తే ఒక్క 60 గజాల పరుగు మిగతా ఇరవై దండగ పరుగులని దాచేస్తుంది.

బాక్స్ లెక్కే ఎప్పుడూ మొదటిది. డౌన్ దాన్ని కాస్త అటూ ఇటూ జరుపుతుంది, అంతే. సెకండ్ డౌన్‌కి 2 గజాలే మిగిలితే అది బోనస్ బంతి లాంటిది, లోతుగా ఒకటి విసిరి చూడండి. పోయినా మూడో డౌన్ చేతిలో ఉంది. మూడో డౌన్‌కి చాలా దూరం ఉంటే స్క్రీన్ గానీ డ్రా (పాస్‌లా నటించి కొట్టే రన్) గానీ, వచ్చినంత తీసుకుని పంట్ చెయ్యండి. నాలుగో డౌన్‌కి ఒక్క గజం, మీరు ఎదుటివాళ్ల సగంలో ఉన్నారు అంటే క్వార్టర్‌బ్యాకే బంతితో ముందుకి తోసుకుపోయే స్నీక్ వెయ్యడానికి నేను వెనకాడను.

ఎదుటివాళ్ల 20 గజాల లోపలికి వచ్చాక కథ మారుతుంది. వెనక మిగిలింది ఎండ్ జోన్ 10 గజాలే కాబట్టి సేఫ్టీలకి లోతు భయం పోతుంది. అందరూ ముందుకొస్తారు, బాక్స్ నిండిపోతుంది. మైదానం మధ్యలో పండిన రన్‌లు ఇక్కడ పండవు. పరిగెత్తే క్వార్టర్‌బ్యాక్ విలువ తెలిసేది ఇక్కడే, నిండిన బాక్స్‌లో మిగిలిన ఒక్కడిని లెక్కలోంచి తీసెయ్యగలిగేది వాడి పరుగే.

అడుగు 8: గడియారం

2018 సెప్టెంబర్‌లో ఆర్మీ జట్టు ఓక్లహోమా మీద ఆడుతూ 44 నిమిషాల 41 సెకన్లు బంతిని తన దగ్గరే ఉంచుకుంది. మొత్తం ఆట సమయం 60 నిమిషాలు. అవతల కైలర్ మర్రీ లాంటి క్వార్టర్‌బ్యాక్, అతనికి బంతి దొరక్కుండా చేయడమే ప్లాన్. చివరికి ఓవర్‌టైమ్‌లో 28-21తో ఆర్మీ ఓడిపోయింది, అది వేరే సంగతి. బలం తక్కువున్న టీముతో ఆడుతుంటే ఇదే దారి. డ్రైవ్‌లు తగ్గితే బలవంతుడికి తప్పు దిద్దుకునే అవకాశాలూ తగ్గుతాయి. టెంపో సెట్టింగ్‌లో చ్యూ క్లాక్ (గడియారం కరిగించేది) పెట్టుకుని, ప్లే క్లాక్ అడుగంటేదాకా ఆగి స్నాప్ చెయ్యండి.

రెండో రకం, అంటే ముందంజలో ఉన్నప్పుడు గడియారం కరిగించడం, 2023 నవంబర్‌లో మిషిగన్ చూపించింది. పెన్ స్టేట్ మీద వాళ్ల మైదానంలోనే రెండో హాఫ్ మొత్తం లెక్కలోకొచ్చే పాస్ ఒక్కటి కూడా వెయ్యకుండా 24-15తో గెలిచింది. బోరింగ్‌గా ఉందని టీవీ ముందున్నవాళ్లు తిట్టుకుని ఉంటారు, స్కోర్ మాత్రం మారలేదు.

నా సంగతి కూడా చెప్పాలి. గేమ్‌లో టెక్సస్ ఏ అండ్ ఎం వాళ్ల కైల్ ఫీల్డ్, లక్ష మందికి పైగా పట్టే స్టేడియం. 25లో ఆడటానికి అతి కష్టమైన మైదానాల జాబితాలో దానిదే మొదటి స్థానం. జనం అరుపులకి తెర వణుకుతుంది, ప్లే ఆర్ట్ తెరిచి చూస్తే రిసీవర్ల దారులు పాముల్లా మెలికలు తిరిగి కనిపిస్తాయి. నాలుగు పాయింట్లు ముందున్నాను. 1:50 మిగిలింది. అవతల టైమౌట్లు అయిపోయాయి. మూడో డౌన్, 3 గజాలు. రన్ కొట్టి 3 గజాలు తెస్తే ఆట అయిపోయినట్టే, క్వార్టర్‌బ్యాక్ మూడు సార్లు నేలకి మోకాలు ఆనించి ప్లే ముగిస్తే దాదాపు రెండు నిమిషాలు కరిగిపోతాయి. తేకపోయినా ఇంకో 40 సెకన్లు పోయేవి. నేను విసిరాను. చేతులు చెమటలు, తెర వణుకు, మెలికల దారి, సేఫ్టీ చేతిలో బంతి.

పక్కన కూర్చున్న మా వరంగల్ రూమ్‌మేట్ చిప్స్ ప్యాకెట్ పక్కన పెట్టి, "అరె, లోపల అయిదుగురే ఉన్నరు కదరా, ఎందుకు విసిరినవ్?" అన్నాడు. నేను లెక్కే పెట్టలేదు. ఈ వ్యాసానికి మూలం ఆ ప్రశ్నే.

కాస్త ఓదార్పు ఏమిటంటే నిజం ఆటలోనూ ఇలాంటివి జరుగుతాయి. 2023 అక్టోబర్ 7న మయామి 20-17తో ముందుంది. మోకాలు ఆనిస్తే ఆట అయిపోయేది. బదులుగా రన్ కొట్టారు, బంతి జారిపోయింది. మిగిలిన కొద్ది సెకన్లలో జార్జియా టెక్ టచ్‌డౌన్ కొట్టి 23-20తో గెలిచింది. ఆఖర్లో రన్ కూడా దండగైన సందర్భం ఒకటుందని గుర్తుపెట్టుకోండి. రన్ కొట్టక తప్పని చోట మాత్రం ఆర్1 నొక్కి రెండు చేతులతో బంతి పొదివి పట్టుకోండి.

బయటి మైదానంలో అరుపులకి మందు కూడా ఎక్కువగా రన్నే. క్వార్టర్‌బ్యాక్ కంగారుగా ఉన్నప్పుడు పొడుగు పాస్‌లు అడక్కండి. రెండు ఇన్‌సైడ్ జోన్లు, ఒక బబుల్ స్క్రీన్, ఒక ఫస్ట్ డౌన్. జనం కూర్చుంటారు.

అడుగు 9: స్కోర్‌కార్డు చదివేటప్పుడు ఒక జాగ్రత్త

కాలేజ్ గణాంకాల్లో శాక్ వల్ల పోయిన గజాలని రన్ ఖాతాలోంచి కోస్తారు. ప్రొఫెషనల్ ఆటలో పాస్ ఖాతాలోంచి. కాలేజ్ గేమ్‌లో నాలుగు శాకులు తిని 25 గజాలు పోగొట్టుకుని, "నా రన్ పనిచెయ్యట్లేదు" అని ప్లేబుక్ మార్చేసిన మహానుభావుణ్ని నేను. క్వార్టర్‌బ్యాక్ వరస తీసేసి, రన్నింగ్ బ్యాక్ వరస ఒక్కటీ విడిగా చూడండి.

అడుగు 10: ఓవర్‌టైమ్‌కి దాచుకోవాల్సినవి

సమానమైతే ఇద్దరికీ ఎదుటివాళ్ల 25 గజాల గీత నుంచి చెరో అవకాశం. గడియారం ఉండదు, కాబట్టి రన్‌కి ఉన్న ఆ అదనపు విలువ ఇక్కడ సున్నా. బాక్స్ లెక్క ఒక్కటే మిగులుతుంది. రెండో ఓవర్‌టైమ్ నుంచి టచ్‌డౌన్ కొడితే రెండు పాయింట్ల ప్రయత్నం తప్పనిసరి. మూడోదాని నుంచి డ్రైవులే ఉండవు, 3 గజాల గీత నుంచి ఒక్కో ప్లే, పడిందా లేదా.

ఆ 3 గజాలకి నేను రెండు ప్లేలు దాచుకుంటాను, రెండూ ఒకే ఫార్మేషన్‌లోంచి. ఒకటి క్వార్టర్‌బ్యాక్ పరుగు, ఇంకోటి అదే పరుగులా మొదలై ఎండ్ జోన్ మూలకి విసిరే పాస్. నాలుగు క్వార్టర్లలో ఒక్కసారి కూడా బయటికి తియ్యను. తీశానంటే వరంగల్ వాడు చిప్స్ నములుతూనే చూసేస్తాడు.